వాక్యం చెప్పబోయే పిల్లలకు తలకిందుల సలహాలు

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను మోగుతుంది. "బాబూ, రేపు అయ్యగారు ఊళ్లో ఉండటం లేదు. వాక్యం నువ్వే చెప్పాలి." నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల పల్లెల్లో మందిరానికి వెళ్లే పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పిలుపు తప్పదు. అప్పుడు వాళ్లేం చేస్తారో నాకు తెలుసు. ఆ వయసులో నేనూ అదే చేశాను. ముందు ఒక మంచి వచనం పట్టుకుంటారు. దానికి మూడు పాయింట్లు రాసుకుంటారు, మూడూ ఒకే అక్షరంతో మొదలయ్యేలా. ఒక్కో పాయింటు కింద మరో రెండు రిఫరెన్సులు వేస్తారు. చివర్లో "దీనివల్ల మనం నేర్చుకునే పాఠం ఏమిటంటే" అని ముగిస్తారు. ఇరవై నిమిషాలు, ఆమేన్.

చాలా ఏళ్లు సండే స్కూల్లో ఈ పద్ధతి నేర్పినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు చెప్పబోయేవి దానికి పూర్తిగా అడ్డం తిరిగిన సలహాలు. వింటే పెద్దలు కొందరు "ఇదేం సలహా, పిల్లల్ని చెడగొట్టడానికా" అంటారు. అన్నారు కూడా. అయినా ఒక్కోటీ నమ్మే చెబుతున్నాను.

మొట్టమొదటిది: వచనం ఎంచుకోకండి.

మన ఇళ్లలో, దుకాణాల్లో గోడమీద కనిపించే వచనాల్లో యోబు 8:7 ఒకటి. మొదట కొంచెమే ఉన్నా చివరికి గొప్ప అభివృద్ధి కలుగుతుందని దాని భావం. కొత్త షాపు బోర్డు మీద, ఆటో వెనక అద్దం మీద, పెళ్లి శుభలేఖ మీద, జనవరి ఒకటిన తీసే వాగ్దానం కార్డు మీద చూస్తూనే ఉంటాం. నేను కూడా ఒకసారి ఒక ఇంట్లో కృతజ్ఞత కూడికలో ఆ వచనం మీదే మాట్లాడాను. బాగా చెప్పాననే అనుకున్నాను. అందరూ టీ తాగుతుండగా, చదువు పెద్దగా రాని ఒక పెద్దమ్మ నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "అయ్యా, ఈ మాట అన్నదెవరు? దేవుడా?" నేను దేవుని వాక్యమే కదమ్మా అన్నాను. "అది సరేనయ్యా. అన్నదెవరు?" అంది మళ్లీ.

ఇంటికెళ్లి అధ్యాయం మొదటినుంచి చదివాను. ఆ మాట దేవుడు అన్నది కాదు. యోబు స్నేహితుడు బిల్దదు అన్నాడు. దానికి మూడు వచనాల పైన అతనే ఇంకో మాట అన్నాడు: నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే ఆ ఫలం వాళ్లను పట్టుకుందని. ఇల్లు కూలి పదిమంది పిల్లల్ని ఒక్కరోజే పోగొట్టుకున్న తండ్రి ఎదురుగా కూర్చుని అన్న మాట అది. పుస్తకం చివర, 42వ అధ్యాయం ఏడో వచనంలో, నా గురించి మీరు పలికింది సరిగా లేదని దేవుడే బిల్దదుతో సహా ఆ స్నేహితుల మీద కోపగించాడు.

కొందరు ఒక ప్రశ్న వేస్తారు. చివరికి యోబుకు మొదటికంటే ఎక్కువే దక్కింది కదా, బిల్దదు చెప్పినట్టే జరిగింది కదా అని. న్యాయమైన ప్రశ్నే. బిల్దదు చెప్పిన అభివృద్ధికి ఒక షరతుంది: నువ్వు నిజంగా పవిత్రుడివైతే, దేవుణ్ణి వేడుకుంటే. తప్పు ఒప్పుకోమన్నదే అందులోని అర్థం. యోబు చేయని తప్పు ఒప్పుకోలేదు. ఒప్పుకోనివాడినే దేవుడు సమర్థించాడు. అంటే దక్కింది బిల్దదు లెక్క ప్రకారం దక్కలేదు, ఆ లెక్క తప్పని తేలాక దక్కింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ కూడికలో ఉండి, ఆమె కూడా ఇంటికెళ్లి ఆ అధ్యాయం మొత్తం చదివి ఉంటే, నేను ఎవరి పక్షాన నిలబడి మాట్లాడినట్టు? ఆ ఆలోచన ఇప్పటికీ నన్ను వదలదు.

వచనాల అంకెలు బైబిలుతో పుట్టినవి కావు. అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేశాడు. కొత్త నిబంధనకు వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే అచ్చుపనివాడు వేశాడు. వెతుక్కోవడానికి అవి ఎంతో సౌకర్యం, కాదనను. వాటిని పట్టుకుని వాక్యాన్ని ముక్కలు కోస్తేనే చిక్కు. పౌలు రాసింది ఉత్తరం. మన పెద్దకొడుకు హైదరాబాదు నుంచి ఉత్తరం రాస్తే మధ్యలో ఒక్క లైను చదివి మడిచి జేబులో పెట్టుకోం కదా. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొత్తం చదవడానికి పావుగంట చాలు. శనివారం రాత్రి ఆ పావుగంట పెట్టండి. యిర్మీయా 29:11 వాగ్దానం కార్డుల్లో ఎక్కువగా తిరిగే వచనాల్లో ఒకటి. దానికి ముందు వచనంలోనే డెబ్బయి ఏళ్ల మాట ఉంది. బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు రాసిన ఉత్తరం అది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మిమ్మల్ని తీసుకుపోయిన ఆ పట్టణం బాగు కోసమే ప్రార్థించండి అని రాశాడు. అది విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి ఊరు చూడకుండానే పోయి ఉంటారు. ఈ సంగతి చెప్పాక కూడా ఆ వాగ్దానం వాగ్దానమే. ఇంకా బరువైన వాగ్దానం.

రెండోది: వ్యాఖ్యానాల దగ్గరికి వెళ్లకముందు తాపీమేస్త్రి దగ్గరికి వెళ్లండి.

బండమీద ఇల్లు, ఇసుకమీద ఇల్లు మనకు చిన్నప్పటి పాట, ఆట. అది మత్తయి 7లో ఉంది. లూకా 6లో కూడా ఉంది, అక్కడ మాటలు వేరు. లూకాలో ఇసుక లేదు. ఒకడు లోతుగా తవ్వి బండమీద పునాది వేశాడు. రెండోవాడు పునాది లేకుండా నేలమీదే కట్టాడు. ఏటి వరద వచ్చి రెండిళ్లనూ కొట్టింది. మనం ఈ రెంటినీ కలిపేసి "యేసే బండ" అని ఒక్క పాయింటుతో దాటేస్తాం.

ఒకసారి సండే స్కూలు పిల్లలతో, కొత్తగా ఇల్లు కడుతున్న చోట ఆ భాగం చదివాం. గుంటలో మేస్త్రి ఉన్నాడు. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. దానిమీద గోడ లేపితే రెండు వానాకాలాలకే బీటలు. అందుకని నల్లమట్టి మొత్తం తీసేసి, కింద మొరం తగిలేదాకా తవ్వాలి. పిల్లలు మేస్త్రిని అడిగారు. ఎంత లోతు తవ్వుతారు? "తగిలేదాకా" అన్నాడు. ఎన్ని అడుగులని ముందే చెప్పలేమన్నాడు. పక్కింటివాళ్లకు నాలుగడుగుల్లో తగిలిందని ఇక్కడా నాలుగడుగులకే ఆపితే ఇల్లు నిలవదన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఇంటివాళ్లకు డబ్బు పోస్తున్నట్టు కనిపించేది, బయటికి ఏమీ కనిపించనిది ఈ పనేనని, అందుకే ఇక్కడే తగ్గించమని అడుగుతారని.

ఆ మేస్త్రి మందిరానికి వచ్చే మనిషి కాదు. అయినా లూకా రాసిన "లోతుగా తవ్వి" అన్న మాటకు అంతకంటే మంచి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. అక్కడ యేసు మాట్లాడుతున్నది నన్ను ప్రభువా ప్రభువా అని పిలుస్తూ నేను చెప్పింది చేయనివాళ్ల గురించి. ఆయన చెప్పింది చేయడం కనిపించని చోట చేసే పని. విత్తువాని ఉపమానం చెప్పేముందు పత్తి గింజ పెట్టే కూలి అమ్మను అడగండి. గొర్రెల ఉపమానానికి మందను రోడ్డు దాటించే కాపరిని అడగండి. పాలస్తీనా వేరు, మన ఊరు వేరు. తేడాలుంటాయి, అవి కూడా చెప్పండి. అక్కడివాళ్లు గింజల్ని చేత్తో వెదజల్లేవారు, మనం సాళ్లలో గుంటకో గింజ పెడతాం. అందుకే వాళ్ల గింజలు దారిమీద, రాతినేలమీద, ముళ్లపొదల్లో పడ్డాయి. ఇది తెలియకపోతే పిల్లలకు ఆ రైతు అజాగ్రత్తగా కనిపిస్తాడు.

రాళ్లను రాళ్లుగా వదిలేయండి. దావీదు ఏటి లోయలో ఏరుకున్న ఐదు రాళ్లకు ఐదు ఆత్మీయ అర్థాలు చెప్పడం మనకు అలవాటు. కొత్త అలవాటు కూడా కాదు. యోహాను 21లో పడిన 153 చేపలకు అగస్టీను లెక్క చెప్పాడు. పది ఆజ్ఞలు, ఆత్మ వరాలు ఏడు, మొత్తం పదిహేడు. ఒకటి నుంచి పదిహేడు దాకా కూడితే 153. కూడి చూడండి, సరిగ్గా వస్తుంది. అంతటివాడి మాట తీసిపారేయను. కానీ మంచి సమరయుని కథలో సత్రం అంటే సంఘమని, సత్రంవాడు పౌలని అదే అగస్టీను చెప్పినప్పుడు, దారిపక్కన రక్తం కారుతున్న మనిషి మన కళ్లముందు నుంచి తప్పుకుంటాడు. యెరూషలేము నుంచి యెరికోకు 27 కిలోమీటర్ల దారి, దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు. మనకు 65వ నెంబరు జాతీయ రహదారి ఉంది, చిల్లకల్లు మీదుగా, నందిగామ మీదుగా, కంచికచర్ల మీదుగా. రాత్రిపూట ఆ రోడ్డుమీద పడి ఉన్నవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళితే పోలీసు కేసులో ఇరుక్కుంటామని ఇప్పటికీ జనం భయపడతారు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ అనే సెక్షను చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాడి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కర్లేదు. చట్టంలో అతనికి పెట్టిన పేరే గుడ్ సమారిటన్. లూకా 10 మీద మాట్లాడే రోజు ఈ సెక్షను కూడా చెప్పండి. మందిరంలో చట్టం ఎందుకంటారు కొందరు. ప్రభువు చెప్పింది వెళ్లి అలాగే చేయమని కదా. చేయడానికి అడ్డుపడే భయాన్ని తీసేయడం కూడా వాక్యం చెప్పడమే.

మూడోది సిద్ధాంతం సంగతి. ఇది కొంచెం సేపు చెప్పనివ్వండి.

సిద్ధాంతం కావాలంటే సిద్ధాంతం కోసం వెతకకండి. తగాదా ఎక్కడుందో చూడండి. విశ్వాసంవల్లనే నీతిమంతులుగా తీర్చబడతామన్నది మన మతానికి మూలస్తంభమని కదా అంటాం. గలతీయుల 2వ అధ్యాయంలో అది ఎక్కడ పుట్టింది? భోజనాల దగ్గర. అంతియొకయలో కేఫా, అంటే పేతురు, అన్యజనులతో కలిసి తింటున్నాడు. యాకోబు దగ్గరనుంచి మనుషులు రాగానే పంక్తిలోంచి లేచి వేరుగా కూర్చున్నాడు. పౌలు అందరి ఎదుటే నిలదీశాడు. ఆ నిలదీతలోంచే నీతిమంతులుగా తీర్చబడటం గురించిన మాటలన్నీ వచ్చాయి. ధనవంతుడైన క్రీస్తు మనకోసం దరిద్రుడయ్యాడన్న గొప్ప మాట రెండో కొరింథీయుల 8లో ఉంది. అది ఒక చందా గురించి రాసిన ఉత్తరం. యెరూషలేములోని పేద విశ్వాసులకు డబ్బు పోగుచేయడం గురించి. ప్రభురాత్రి భోజన సంస్కారం మాటలు మొదటి కొరింథీయుల 11లో ఉన్నాయి. ఉన్నవాళ్లు ముందే వచ్చి తిని తాగేసి, పేదవాళ్లను ఆకలితో ఉంచుతున్నారని పౌలు మండిపడుతున్న చోట అవి ఉన్నాయి. ఫిలిప్పీ పత్రికలో క్రీస్తు తన్ను తాను తగ్గించుకున్న భాగం చదివినప్పుడు, అదే పత్రికలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలకు పడటం లేదని మరిచిపోకండి.

ఈ సంగతి మన ప్రాంతంలో చెప్పకపోతే ఇంకెక్కడ చెప్పాలి? నందిగామ పక్క రాఘవాపురం మనందరికీ తెలిసిన ఊరే. ఆ ఊరి మాలపల్లెకు చెందిన పాగోలు వెంకయ్య, పేరు తెలియని దేవుణ్ణి వెతుకుతూ ఏళ్లతరబడి ప్రార్థించాడని సంఘ చరిత్రలు చెబుతాయి. 1859లో సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్ దగ్గర వాక్యం విని, తనవాళ్లతో కలిసి బాప్తిస్మం పొందాడు. కృష్ణా జిల్లాలో ఆ మిషను సంఘాలు పల్లెపల్లెకూ పాకడం అక్కడినుంచి మొదలైంది. ఎవరూ తమ పంక్తిలో కూర్చోనివ్వని మనుషులు వాళ్లు. అలాంటివాళ్ల మనవలం, మునిమనవలం ఇప్పుడు మందిరాల్లో కూర్చుని గలతీయుల 2 చదువుతున్నాం. చదివి, నీతిమంతులుగా తీర్చబడటం అంటే మూడు పాయింట్లని చెప్పి, బయటికొచ్చి మాలపల్లెకో మందిరం, మాదిగపల్లెకో మందిరం అన్న ఏర్పాటులోకే తిరిగి వెళ్లిపోతున్నాం. పెళ్లి సంబంధం దగ్గర అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. కేఫా లేచిన పంక్తి మన ఊళ్లోనే ఉంది. ఆ అధ్యాయం మీద వాక్యం చెప్పేవాడు ఈ మాట పైకి అనాలి. అంటే కొందరికి కోపం వస్తుంది. అంతియొకయలోనూ వచ్చే ఉంటుంది.

ఇక జవాబు చెప్పకూడని చోటు ఒకటుంది. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగింది, లారీలు, బస్సులు నిలిచిపోయాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో బెజవాడలో బుడమేరు ఇళ్లలోకి వచ్చింది. ఇలాంటప్పుడు ఇది ఫలానా పాపానికి శిక్ష అని మైకులో చెప్పే గొంతులు మనలోనే లేస్తాయి. దయచేసి మీరు ఆ పని చేయకండి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి లూకా 13లో ఉంది. వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా, కాదు అని యేసు చెప్పాడు. చనిపోయినవాళ్ల వైపు వేలు పెట్టనివ్వలేదు. మారుమనస్సు మాట చెప్పింది బతికి నిలబడి వింటున్నవాళ్లకు. నీళ్లు తగ్గిన ఇంట్లో బురద ఎత్తుతున్నవాళ్ల దగ్గరికి బైబిలుతో వెళితే, ముందు పార పట్టుకోండి.

చివరి సలహాకు అన్నిటికంటే ఎక్కువ అభ్యంతరం చెబుతారు: కొన్ని భాగాల్లోంచి పాఠం తీయకండి.

తప్పిపోయిన కుమారుని కథలో పెద్దకొడుకు ఇంట్లోకి వెళ్లాడా? లూకా రాయలేదు. తండ్రి బయటికొచ్చి బతిమాలుతుండగానే కథ ఆగింది. మనం మాత్రం అతన్ని గర్విష్ఠిని చేసి వాకిట్లోనే వదిలేస్తాం. ఆ తలుపు తెరిచే ఉంచండి. వినేవాళ్లలో పెద్దకొడుకులున్నారు.

రెండో సమూయేలు 21 మీద ఎవరైనా మాట్లాడగా మీరు విన్నారా? నేను ఒక్కసారీ వినలేదు. మూడేళ్ల కరువు. సౌలు గిబియోనీయులను చంపినందుకని తెలిసింది. వాళ్లు సౌలు సంతానంలో ఏడుగురిని అడిగారు. దావీదు ఇచ్చాడు. ఏడుగురినీ కొండమీద ఉరితీశారు. అందులో ఇద్దరు రిస్పా అనే తల్లి కొడుకులు. ఆమె గోనెపట్ట తెచ్చి రాతిమీద పరుచుకుని కూర్చుంది. యవల కోత మొదలైన రోజునుంచి ఆ శవాలమీద వాన పడేదాకా, పగలు పక్షుల్ని, రాత్రి మృగాల్ని దగ్గరికి రానీయలేదు. ఆమె మాట ఒక్కటి కూడా గ్రంథంలో లేదు. ప్రార్థన చేసిందని లేదు, విశ్వాసం చూపిందని లేదు. కూర్చుంది. ఆ సంగతి రాజుకు తెలిసింది. అప్పుడు దావీదు యాబేష్గిలాదు నుంచి సౌలు ఎముకల్ని, యోనాతాను ఎముకల్ని తెప్పించి, ఉరితీసినవాళ్ల ఎముకల్నీ ఏరించి పాతిపెట్టించాడు. దేశంకోసం చేసిన విన్నపాన్ని దేవుడు విన్నది ఆ తర్వాత. ఏడుగురు చనిపోగానే విన్నాడని అక్కడ లేదు.

ఈ భాగానికి తల్లిప్రేమ అని పేరుపెట్టి, ఓర్పు, నమ్మకం, ప్రతిఫలం అని మూడు పాయింట్లు చేయవచ్చు. చేయకండి. ఒకసారి స్త్రీల కూడికలో దీన్ని ఊరికే చదివాను, నిదానంగా, ఒక్క మాట కలపకుండా. చదివి కూర్చున్నాను. చాలాసేపు ఎవరూ పాట ఎత్తలేదు. వెనక చాపమీద కూర్చున్న ఒకామె లేచి, పోయిన తన కొడుకు పేరు చెప్పింది. ఆ మందిరంలో ఆ పేరు అన్నేళ్లుగా ఎవరూ ఎత్తలేదు. తర్వాత ఇంకొకామె తన బిడ్డ పేరు చెప్పింది.

ఈ శనివారం రాత్రి మీకు ఫోను వస్తే ఆ ఐదు వచనాలే, పది నుంచి పద్నాలుగు వరకు, రెండుసార్లు పైకి చదువుకోండి. ఆదివారం పొద్దున నిలబడి, ముందు జరిగిన కథ రెండు మాటల్లో చెప్పి, అవి చదవండి. చదివాక మైకు ఆపి కూర్చోండి. ఇరవై నిమిషాలు నిండలేదని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి.